నాట్యశాలలో విద్యార్థి

నేడు కళాశాలలో చదువుకొను బాలబాలికలు సాయంకాలము పుస్తకములు మూసి, టిక్కెట్టు చేతబట్టుకొని, కూచిపూడి నాట్యము చూచుటకు బయలుదేరినచో ఎవ్వరికిని వింతగా తోచదు. తల్లిదండ్రులు ముచ్చటపడుదురు, గురువులు మెచ్చుకొందురు, తిరిగివచ్చిన పిమ్మట ఏమి చూచితిరని తోడివారు గుచ్చిగుచ్చి యడుగుదురు. కాని నూఱేండ్లకు మించిన కాలమునకు పూర్వము, గోదావరీ కృష్ణా మండలములలో ఆంగ్లవిద్య నేర్చుచుండిన యువకునకు ఆట జరుగు చోట కానవచ్చుట తలవంపులపని. అటువంటి చోటికి పోనని ప్రతిన పట్టుట శీలమునకు గుర్తు. ఈ రెండు స్థితులకును నడుమ జరిగిన కథ ఆంధ్రనాట్యచరిత్రలో ఒక ముఖ్యాధ్యాయమని నా నమ్మకము. నర్తకుల చరిత్ర వ్రాసినవారు కలరు, గురుపరంపరలను వ్రాసినవారు కలరు; ఎదుట కూర్చుండి చూచినవాని చరిత్రను పట్టించుకొన్నవారు అరుదు. చూచువాడు మాఱినప్పుడెల్ల ఆటయు మాఱినది గనుక, చూచువాని చరిత్రను విడిచి ఆట చరిత్రను తెలిసికొనజాలము.

పందొమ్మిదవ శతాబ్దము చివర స్త్రీలు చేయు నాట్యము తెలుగుదేశమున ముఖ్యముగా రెండు తావులలో కానవచ్చెడిది. ఒకటి దేవాలయము, రెండవది పెండ్లిపందిరి. కలవారి ఇంట శుభకార్యమైనచో మేజువాణి యను ఆటకచేరి పెట్టింపనిదే దానికి నిండుదనము లేదని లోకులు తలచెడివారు. ఆటపాటలు కులవిద్యగా గల కళావంతుల ఆడుబిడ్డలు పసితనమునుండియు సంగీతమును, సాహిత్యమును, అభినయమును ఇంటి పెద్దలయొద్ద నేర్చి, క్షేత్రయ్య పదమొకటి చేపట్టి, అందలి ఒక్క మాటనే పదిసారులు పాడుచు పదిసారులును వేఱువేఱు భావములను కన్నులలోను హస్తములలోను పలికింపగల ప్రోడలు. కదలక కూర్చుండియే సభనెల్ల తమవైపునకు త్రిప్పుకొనగలిగినవారు. అంతటి విద్య కలిగియు వారు కులమువలన కట్టుబడి, ధనవంతుల ఆశ్రయము తప్ప వేఱు బ్రదుకుదెరువు లేని స్థితిలో నుండిరి. ఈ అన్యాయము కందుకూరి వీరేశలింగము పంతులు కంట బడినది. ఆయన వేశ్యావ్యామోహమును ఖండించుచు వ్రాసిన వ్రాతలు ఆనాటి యువకుల మనస్సులను కదలించినవి. ఆయనకు పిదప రఘుపతి వేంకటరత్నము నాయుడు గారు మచిలీపట్టణమునను, తరువాత కాకినాడ పిఠాపురపు రాజావారి కళాశాలకు అధ్యక్షులైన కాలమునను, విద్యార్థుల శీలసంరక్షణమునే తమ జీవితవ్రతముగా బూని, మేజువాణీలు జరుగు పెండ్లిండ్లకు పోవలదని బోధించిరి. ఆయనయందలి భక్తిచేత ఎందఱో విద్యార్థులు ఆ మాటను వేదవాక్యముగా పాటించిరి. 1893లో మదరాసునందలి సంస్కర్తలు, ఆట పెట్టించు విందులకు పోవలదని రాజప్రతినిధికిని గవర్నరునకును విన్నపము చేసికొనిరి. దొరలు అందు తప్పేమియు కనబడలేదని తోసిపుచ్చిరి. దొరలు వినకున్నను విద్యార్థులు వినిరి.

సంస్కర్తలను నిందించుట నా యుద్దేశము కాదు. ఆడుబిడ్డలు అమ్ముడుపోవుటను చూచి సహింపలేకపోయిన ఆ మహనీయుల హృదయములు కరుణామయములు. కాని కులాచారమునందలి చెడుగును తెగనఱకబూనిన ఆ గొడ్డలి దానిని అల్లుకొనియున్న విద్యనుగూడ నఱకినది. 1947లో మదరాసు శాసనసభ దేవదాసీ సమర్పణమును నిషేధించుచు చట్టము చేయునాటికే మండపేట, మురమండ, బల్లిపాడు మొదలైన గోదావరీ ప్రాంత గ్రామములలో గజ్జెలు పెట్టెలలోనికి చేరినవి. ఆటను విడిచిపెట్టుడని చెప్పినవారు చాలమంది. విడిచిపెట్టిన పిమ్మట ఆ విద్యనే గౌరవముగా చూపి బ్రదుకుటకు ఒక తావు చూపినవారు లేరు. ఆ తావు కొంతకాలమునకు ఏర్పడినది గాని, అది ఏర్పడినప్పుడు దాని వాకిలి వారికి తెఱవబడలేదు.

ఆ తావే నాటకశాల. తెలుగువారికి మొదట నాటకశాలను పరిచయము చేసినది నాట్యము కాదు, నాటకము. అందును విద్యార్థుల నాటకము. 1880లో రాజమహేంద్రవరమున వీరేశలింగము గారు తమ శిష్యులచేత వ్యవహారధర్మబోధినిని ఆడించిరి. ఆటను చూడవలదన్న గురువే ఆడుమని శిష్యులను రంగమునకు ఎక్కించుట పైకి విరుద్ధముగా కనబడును గాని, ఆయన దృష్టిలో ఈ రెండింటికిని పొత్తు లేదు. ఒకటి వినోదము, మఱొకటి ప్రబోధము. ధార్వాడ నాటకసమాజములు తెలుగునాట సంచారము చేసి ఎత్తైన వేదికను, చిత్రించిన తెరలను, టిక్కెట్టు కొని కూర్చుండు పద్ధతిని చూపిపోయినవి. 1885లో సురభి నాటకము పుట్టినది. మఱుసటి యేడు బళ్లారిలో ధర్మవరము కృష్ణమాచార్యులవారి సరసవినోదినీ సభ వెలసినది. అప్పటినుండి పట్టణములలోని కళాశాలా విద్యార్థి నాటకశాలకు అలవాటుపడినాడు. నేల టిక్కెట్టు, బెంచీ, కుర్చీ అను తారతమ్యములు నేర్చినాడు; దీపము తగ్గింపగానే మాటలు మానుట నేర్చినాడు. నాట్యము రంగస్థలమునకు వచ్చునాటికి దానిని చూచువాడు ముందే సిద్ధమైయుండెననుట అతిశయోక్తి కాదు.

ఇక కూచిపూడి భాగవతుల మాట వేఱు. వారు బ్రాహ్మణులు, పురుషులు. స్త్రీవేషములను వారే ధరింతురు. కావున సంస్కర్తల కోపము వారిని తాకలేదు. సిద్ధేంద్రయోగి భామాకలాపమును రచించి ఈ విద్యను వారికి కట్టడిచేసెననియు, గోలకొండ సుల్తాను తానీషా వారి యాట చూచి ఆ గ్రామమును అగ్రహారముగా నిచ్చెననియు ఐతిహ్యము. ఇట్టి మేళములు పంటలు ఇంటికి చేరిన పిమ్మట ఊరూర తిరుగుచు ఆడెడివి. ఊరిపెద్దలతో మాట కుదిరినంతనే దేవాలయము ముంగిటనో, నాలుగువీథుల కూడలియందో నేల చదునుచేసి, నీళ్లు చల్లి, ముగ్గులు పెట్టుటతో రంగము సిద్ధమగును. రాత్రి భోజనములైన తరువాత చాపలు, గొంగళ్లు తెచ్చుకొని మూడువైపుల జనము కూర్చుండును. ఇరుప్రక్కల చాకలివారు దివిటీలు పట్టుకొని నిలిచి, పాత్ర ఎటు కదలినచో అటు వెలుగును కదలింతురు. హిరణ్యకశిపుని వంటి ఉద్ధతపాత్ర ప్రవేశించునపుడు గుగ్గిలపు పొడి విసరగా భగ్గున లేచిన మంటకు పిల్లలు కేకలు వేసి తల్లుల కొంగులలో దూరుదురు. తెర యనగా ఇద్దఱు పట్టుకొని నిలుచు గుడ్డ మాత్రమే. సూత్రధారుడు తాళము పట్టి పాడుచు, కథ చెప్పుచు, పాత్రను ప్రశ్నించుచు, నడుమనడుమ ఊరివారిని పలుకరించుచు తెల్లవార్లు ఆటను నడుపును. పాత్రధారి తన పాట తానే పాడవలెను, తన మాట తానే పలుకవలెను, ఆడుచు పాడుచు ఆయాసము తెలియనీయరాదు. ఆభరణములు బూరుగుకఱ్ఱతో చెక్కి అద్దపు తునుకలు పొదిగినవి. ముఖమున అర్దళము పూసికొని దివిటీల యెదుట నిలిచినచో ఆ పచ్చదనము బంగారమువలె మెఱయును.

అట్టి ప్రేక్షకసభలో విద్యార్థి యను ప్రత్యేకవ్యక్తి లేడు. రైతు, పురోహితుడు, కరణము, పశువులకాపరి, పొత్తిళ్లలోని శిశువు అందఱును ఒకే సభ. కథ తెలియనివాడు లేడు. రాగము పేరు తెలియకున్నను అది తప్పినప్పుడు తెలిసికొనలేనివాడు అరుదు. నిద్ర వచ్చినవాడు నిద్రపోయి, భామ వేషము వచ్చినప్పుడు లేపుమని ప్రక్కవానికి చెప్పియుంచును. ఆట మధ్యలో భేషనుట, మరల ఆ దరువే కావలెననుట, నచ్చినవారు ముందుకు వచ్చి బహుమానమిచ్చుట, ఇవన్నియు ఆటలోని భాగములే.

ఈ లోపల మదరాసులో గాలి మఱలినది. న్యాయవాదియైన ఇ. కృష్ణయ్యరు తాను స్వయముగా స్త్రీవేషము ధరించి ఆడి, దేవదాసీల నాట్యమైన సదిరు పరువైన విద్యయని వాదించినాడు. 1931లో మదరాసు సంగీత విద్వత్సభ తంజావూరు కల్యాణి కుమార్తెల కచేరీని ఏర్పాటు చేసినది. ముత్తులక్ష్మీరెడ్డి గారు దేవదాసీ వ్యవస్థపై పోరాడుచుండ, పత్రికలలో ఇరుపక్షముల ఉత్తరములు ముమ్మరముగా వెలువడినవి. 1935లో రుక్మిణీదేవి అడయారున ప్రథమప్రదర్శనమిచ్చెను. మఱుసటి యేడు కళాక్షేత్రమును స్థాపించెను. అంతకుముందు నర్తకి వెనుక నిలిచి ఆమెతోబాటు ముందుకు వెనుకకు నడచుచుండిన నట్టువనారును, మద్దెలగాండ్రును అప్పుడు వేదికకు ఒక ప్రక్కన కూర్చుండబెట్టబడిరి. ఇది చిన్న మార్పుగా తోచవచ్చును. కాని దీనివలన రంగమంతయు నర్తకి యొక్కతెది యైనది. ఎదుటి చీకటిలోనున్నవారి చూపు చెదరక ఆమె ఆకృతిపైననే నిలిచినది. ఉదయశంకరుడు విదేశములలో కీర్తి గడించి తన బృందముతో స్వదేశమున పట్టణపట్టణము తిరిగి చేసిన ప్రదర్శనములు ఆంగ్లవిద్యావంతుల మనస్సులలోని సంకోచమును మఱింత సడలించినవి.

ఆంధ్రమున ఈ పని పూనినవారిలో ఇద్దఱిని నేను ప్రత్యేకముగా తలచుకొందును. ఒకరు విస్సా అప్పారావు గారు, భౌతికశాస్త్రాచార్యులు. క్షేత్రయ్య పదములను సేకరించి ప్రకటించి, కూచిపూడి శాస్త్రీయనాట్యమేయని సభలలో నిరూపింపబూనిరి. రెండవవారు ఏలూరి న్యాయవాది, నటులు, బందా కనకలింగేశ్వరరావు గారు. కూచిపూడిలో సిద్ధేంద్ర కళాక్షేత్రమునకు పాటుపడినవారు. ఒక కళాశాలాచార్యుడు శిష్యులను ఆట చూడవలదని ఆజ్ఞాపించిన అర్ధశతాబ్దమునకే, మఱియొక కళాశాలాచార్యుడు ఢిల్లీలో విద్వాంసుల యెదుట ఆ ఆటకై నిలిచి వాదించెను. 1958లో కేంద్ర సంగీత నాటక అకాడమి జరిపిన ఆ నాట్యసదస్సులో కూచిపూడి శాస్త్రీయతను గూర్చి చర్చలు రేగినవి. మఱుసటి యేడు హైదరాబాదులో రాష్ట్ర అకాడమి కూచిపూడికై ప్రత్యేకముగా సదస్సు నడపినది. రవీంద్రనాథ ఠాకూరు శతజయంతి సందర్భమున 1961లో హైదరాబాదు సైఫాబాదునందు రవీంద్రభారతి వెలసినది. డాక్టరు సర్వేపల్లి రాధాకృష్ణన్ గారు దానిని ప్రారంభించిరి. కప్పుక్రింద మెత్తని యాసనములపై సుమారు వేయిమంది కూర్చుండి, గాలివానలతో పనిలేక ఆట చూడగల శాల తెలుగు ప్రభుత్వమునకు అప్పుడు సమకూడినది.

నేను హైదరాబాదున చదువుకొనుచుండిన దినములలో వేదాంతము సత్యనారాయణశర్మ గారి సత్యభామను ఆ శాలలోనే చూచితిని. వసతిగృహపు అధికారి యనుమతి పొంది, తక్కువ వెల టిక్కెట్టు సంపాదించి, మిత్రులతో మేడమీది వరుసలలో కూర్చుంటిని. నంది తిమ్మనగారి పారిజాతాపహరణము మాకు తరగతిలో పాఠము. అలుకపానుపుపై సత్యను ప్రతిపదార్థములుగా విడగొట్టి, సంధులు సమాసములు గుర్తించి, పరీక్షలో మార్కులు సంపాదించితిమి గాని, ఆమె ఎట్టిదో మాలో ఎవ్వరికిని తెలియదు. శాలలో దీపములు తగ్గినవి. ఇద్దఱు మనుష్యులు రంగు గుడ్డ పట్టుకొని వేదిక నడుమకు వచ్చి నిలిచిరి. ఆ గుడ్డక్రింద పారాణి పెట్టిన పాదములు, వాని గజ్జెలు మాత్రమే కానవచ్చినవి. పిదప ఆ తెరపైనుండి మావైపునకు ఒక పెద్ద జడ వచ్చి వ్రాలినది. రాకిడి, చంద్రవంక, జడగంటలు దీపములకు తళతళ మెఱసినవి. తనతో సరితూగగల విద్య కలవాడు ఈ సభలో నున్నచో ముందుకు రావచ్చునని ఆ జడ వేయుటకు అర్థమని, నా ప్రక్కనున్న వృద్ధుడొకడు, దివితాలూకా వాడనని చెప్పుకొన్నవాడు, నా చెవిలో చెప్పెను. తెర తొలగునప్పటికి పురుషుడెక్కడ? మెడ వంపులో, కనుగొలకుల గర్వములో, నడుముపై చేయి నిలిపిన తీరులో సాత్రాజితి నిలిచియున్నది.

నా మనస్సునకు మిగుల హత్తుకొన్నది లేఖ వ్రాయు ఘట్టము. విరహమున వేగుచున్న సత్య తన చెలి మాధవిని రాయబారమంపగోరును. భర్త పేరేమని మాధవి యడుగును. కులస్త్రీ మగని పేరు నోట పలుకరాదు; ఆయన గుణములు చెప్పును, ఆకారము చూపును, సిగ్గుతో సగము చెప్పి ఆగిపోవును. మాధవి తెలిసియు తెలియనట్లు సతాయించును. కడపట రాయబారమునకు బహుమానముగా మాధవి సత్యయొక్క ముక్కెర నడుగును. అప్పుడు సత్యనారాయణశర్మ గారి చేయి మెల్లగా ముక్కువద్దకు పోయి ఆగినది. కన్నులు ఒకసారి మాధవిపైకి, ఒకసారి దూరముగా కృష్ణుడున్న దిక్కునకు పోయినవి. సౌభాగ్యచిహ్నమును విడువజాలని భయమును, కృష్ణుని విడిచి యుండజాలని బాధయు ఒక్క ముఖమున ఒకదానిపై నొకటి పొరలినవి. ప్రక్కనున్న వృద్ధుడు ‘భేష్’ అని బిగ్గరగా ననెను. ముందువరుసలవారు వెనుదిరిగి చూచిరి. ఆయన సిగ్గుపడి తల వంచుకొనెను. ఊరిలోనైనచో ఆ మాటకు సూత్రధారుడు చిఱునగవుతో బదులు చెప్పియుండును. ఇచ్చట దానికి స్థానము లేకపోయినది. ఆయన సిగ్గుపడవలసిన పని లేదనియు, మేమే నోరు విప్పి ఆయనతో గొంతు కలుపవలసియుండెననియు నేటికిని తలచుచుందును.

నాటకశాల నాట్యమునకు చేసిన మేలు గొప్పది. వేదిక ఎత్తైనందున పాదముల పని చివరి వరుసవరకు కానవచ్చినది. విద్యుద్దీపములవలన చూపులోని సూక్ష్మభేదములు తేటపడినవి. ఈ కొలతలను పూర్ణముగా గ్రహించినవాడు వెంపటి చినసత్యము గారు. కూచిపూడిలో పుట్టి, చెన్నపట్టణము చేరి, చలనచిత్రములలో పనిచేసి, 1963లో కూచిపూడి ఆర్ట్ అకాడమీని స్థాపించి, జాతిభేదము లేక బాలికలకు ఈ విద్య నేర్పెను. వేదాంతము లక్ష్మీనారాయణశాస్త్రి గారు అంతకు పూర్వమే స్త్రీలకు బోధించి త్రోవ చూపియుండిరి; చినసత్యము గారు ఆ త్రోవను రాజమార్గముగా చేసిరి. భుజంగరాయశర్మ గారి సాహిత్యమునకు పట్రాయని సంగీతరావు గారు స్వరములు కూర్ప, క్షీరసాగరమథనము, శ్రీనివాసకల్యాణము, చండాలిక వంటి నృత్యనాటికలు ఆయన చేతిలో రూపుదాల్చినవి. మూడువైపుల జనమునకు చూపవలసిన యాటను ఒక్కవైపు చూచువారికి తగినట్లు తీర్చి, సమూహములను కోణములుగా, వలయములుగా నిలిపి, తెల్లవార్లు సాగు కథను రెండు మూడు గంటలలో బిగువుగా ముగింపగలుగుట సామాన్యప్రజ్ఞ కాదు. పట్టణపు విద్యార్థి, మఱునాటి ఉదయమున తరగతికి పోవలసినవాడు, చూడగలిగిన కూచిపూడి ఇదియే.

కాని పోయినదియు తక్కువ కాదు. పాత్రధారి నోటిపాట ప్రక్కనున్న గాయకునకు పోయినది; పెదవులు మాత్రము కదలుచున్న నర్తకిని చూచినపుడెల్ల నాకు వెలితిగానే తోచును. వాచికాభినయము కూచిపూడికి ప్రాణము. దానిని నేర్చుటకు కంఠము కావలెను, భాష రావలెను, గుక్క నిలువవలెను. ఈ కష్టమును తప్పించుకొన్నందున నర్తకీమణుల సంఖ్య పెరిగినమాట నిజము. పాదములు కూచిపూడికి మిగిలి, నాలుక మాత్రము పోయినదని వాపోవు పెద్దల మాటలో అతిశయోక్తి కొంత యున్నను నేను వారివైపే మొగ్గుదును.

1985లో తెలుగు విశ్వవిద్యాలయము ఏర్పడినది. నాట్యము పట్టపరీక్షలుగల చదువైనది. చూడవచ్చిన విద్యార్థి నేర్చుకొను విద్యార్థి యైనాడు. నటరాజ రామకృష్ణ గారు గోదావరీ ప్రాంతపు వృద్ధ కళావంతులను వెదకి, వారి నోటను చేతను మిగిలియున్నదానిని సేకరించి, ఆంధ్రనాట్యమను పేర ప్రచారము చేసిరి. పిఠాపురపు కుంతీమాధవస్వామి ఆలయమున తొమ్మిది రాత్రులు ఆడుచుండిన నవజనార్దనము ఆయన కృషివలన లోకమునకు తెలిసినది. ఇటీవల కొందఱు నర్తకులును పరిశోధకులును మరల ఆ గ్రామములకు పోయి, కళావంతుల కుటుంబములలోని పెద్దల యెదుట శిష్యులై కూర్చుండి పదములు నేర్చుకొనుచున్నారు. వేంకటరత్నము నాయుడు గారి శిష్యులు కన్నెత్తి చూడనని వ్రతము పట్టిన విద్య ఇదియే. నేర్చినదానిని వారు పట్టణపు శాలలలో ప్రదర్శించునపుడు, నేర్పిన వృద్ధురాలి పేరును ఊరును కార్యక్రమపత్రములో అచ్చువేయింపవలెననియు, ఆమె నడువగలిగినచో ముందువరుసలో ఆసనమిచ్చి కూర్చుండబెట్టవలెననియు నాట్యసభలు నడుపువారిని నేను కోరుచున్నాను.